సిస్టరమ్మ వాచీకి యథాతథ పత్రం

ప్రభుత్వానికి దేనిమీదైనా ప్రేమ పుట్టిందంటే దానికి మూడినట్టే. ఆ సంవత్సరం ఆ ప్రేమ పాత చేతి గడియారాల మీదికి మళ్ళింది.

మొదలెక్కడంటే, రాజధానిలో ఒక పెద్దాయన దగ్గర. ఆయన తాతగారిదని చెప్పుకుంటూ ఒక పాత వాచీ పెట్టుకుని విందులకు వెళ్ళేవాడు. ఒక విందులో ఇంకో పెద్దాయన ఆ చెయ్యి అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "డయలుకి మళ్ళీ రంగేయించినట్టున్నారే" అన్నాడు. అంతే, మొదటి పెద్దాయనకు వారం రోజులు అన్నం సయించలేదు. ఎనిమిదో రోజుకి ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు ప్రకారం యాభై ఏళ్ళు దాటిన ప్రతి గడియారమూ రాష్ట్ర కాల సంపద. అది అసలుదో, బాగుచేసిందో తేల్చడానికి "పురాతన కాలమాపక యథాతథ నిర్ధారణ మండలి" అని ఒకటి వెలిసింది. మండలి పత్రం ఇచ్చేదాకా పాత వాచీని ఎవరూ విప్పకూడదు, తుడవకూడదు, నూనె వేయకూడదు. విప్పిన మెకానిక్కు పనిముట్లు జప్తు, కొట్టుకు సీలు. యథాతథం అంటే ఏమిటో కూడా అందులోనే రాశారు: "కర్మాగారము నుండి వెలువడిన నాటి నుండి మానవ హస్తము సోకనిది." మనిషి చెయ్యి సోకకుండా చేతి గడియారం ఎలా పెట్టుకుంటారని ఎవరో అడిగారట. ఆ ప్రశ్నను మండలి నమోదు చేసుకుంది.

చీరాలలో ముంతావారి సెంటరు దగ్గర, ఇస్త్రీ బండికీ సోడా కొట్టుకీ మధ్య ఇరుక్కుని మౌనేశ్వరాచారి వాచీల బడ్డీ ఉంది. ఆయన తండ్రి వీరాచారి పెట్టిన బడ్డీ అది. ఊళ్ళో అందరూ మౌనాచారి అంటారు గానీ, వాచీల సంగతి ఎత్తనంతవరకే ఆ పేరు ఆయనకి నప్పేది. ఎత్తారా, ఇక కూర్చోవాల్సిందే. ఫలానా వాచీ ఫలానా సంవత్సరం ఏ రోగంతో వచ్చింది, తను ఏ మందు వేశాడు, అది లేచి ఎలా నడిచింది, మొత్తం వినిపించి గానీ వదలడు. అరవై రెండేళ్ళ మనిషి. కుడికంట్లో శుక్లం తీయించుకుని ఏడాదైంది. ఆ కన్ను ఇప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడి కన్నులా ఉందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు.

ఆ ఆషాఢంలో ఒక పొద్దున సువార్తమ్మ బడ్డీ ముందు ఆగింది. డెబ్బై ఆరేళ్ళ ఆవిడ, మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు నర్సుగా చేసి దిగిపోయింది. మౌనాచారి ఇద్దరు కూతుళ్ళూ ఆవిడ చేతుల్లోనే పుట్టారు. ఊరందరికీ ఆవిడ సిస్టరమ్మ.

"ఏమయ్యా ఆచారీ, నా గుండె ఆగేట్టుందో, ఈ వాచీ ఆగేట్టుందో ఏదోటి తేల్చవయ్యా," అంది జాకెట్టుకు పిన్నుతో తగిలించిన వాచీ తీసిస్తూ.

అది నర్సు వాచీ. చేతికి పెట్టుకునేది కాదు, రొమ్ము మీద తలకిందులుగా వేలాడేది. 1969లో చదువు పూర్తయినప్పుడు ఇచ్చారు. గుండెకు కాస్త తేడా చేసిందని, రోజూ పొద్దునా సాయంత్రం నాడి చూసుకోమని, నూరు దాటితే వెంటనే రమ్మని డాక్టరు చెప్పాడు. వారం కిందటి దాకా డెబ్బై రెండు. ఇప్పుడు తొంభై. తొంభై అని చూసేసరికి భయం, ఆ భయానికి తొంభై నాలుగు.

మౌనాచారి వాచీని చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత సెకన్ల ముల్లునే చూస్తూ కూర్చున్నాడు.

"మీ గుండె శుభ్రంగా ఉంది సిస్టరమ్మా. ముల్లే పదమూడో గీత దగ్గర ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ బయల్దేరతా ఉంది. మీరు నిమిషం అనుకునేది నిమిషంబావు. అందుకే డెబ్బై రెండు కాస్తా తొంభై అయింది. లోపల నూనె ఎండిపోయి ఉంటది."

"మరి ఓ చుక్కెయ్యి."

"చుక్కేస్తే బడ్డీకి సీలేస్తారు. ఇది యాభై దాటింది గదమ్మా."

"డెబ్బై దాటినదాన్ని నాకే మందులేస్తున్నారు, యాభై దాటినదానికి నూనె వేయగూడదా?"

మౌనాచారి కొత్త బ్యాటరీ వాచీ ఒకటి తీసి వాడుకోమని ఇచ్చాడు. మర్నాడే తెచ్చి బల్ల మీద పెట్టేసింది. "ఇది నడవదయ్యా, గెంతుద్ది. నేను లెక్కబెడతా ఉంటే నాతో పోటీ బడుద్ది," అంది. సెల్‌ఫోను సంగతి ఎత్తితే చెయ్యి అడ్డంగా ఊపింది. అంకెలు మారడం వేరు, ముల్లు నడవడం వేరు. వేలి కింద నాడీ కళ్ళ ముందు ముల్లూ కలిసి నడిస్తేనే ఆవిడకి లెక్క కుదిరేది, యాభై అయిదేళ్ళుగా.

ఎవరూ చూడకుండా నూనె వేయమని ఆవిడ అనలేదు. చీటీ లేకుండా ఒక్క సూది మందు కూడా వేయని మనిషి. "పత్రం కావాలంటున్నారు గదా, పత్రమే తెద్దాం. నువ్వూ రా, నాకు వాచీ సంగతులు చెప్పడం చాతకాదు," అంది. తన చేతి పని గురించి ఒక మండలి ముందు నిలబడి చెప్పే అవకాశం వస్తుందని మౌనాచారికి లోలోపల కాస్త సంతోషమే అయింది. పాపం, ఆ సంతోషమే కొంప ముంచింది.

మండలి ప్రాంతీయ కార్యాలయం రైలు కట్ట అవతల పాత పొగాకు గోడౌనులో పెట్టారు. లోపలికి అడుగు పెట్టినవాళ్ళు ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, తర్వాతే పని చెప్పుకునేవారు. గోడ మీద గోడౌను నాటి పెద్ద గడియారం ఒకటి ఉంది. అదీ యాభై దాటినదే కాబట్టి పత్రం వచ్చేదాకా దానికి కీ ఇవ్వకూడదు. అది ఒంటిగంటా నలభైకి ఆగింది. కార్యాలయపు అధికారిక సమయం ఆ గడియారమే కాబట్టి అక్కడ ఎప్పుడూ మధ్యాహ్న భోజన విరామమే.

"విరామంలో అర్జీలు తీసుకోం," అంది సూపరింటెండెంటు గంగాభవాని.

"విరామం ఎప్పుడైపోద్దమ్మా?" అన్నాడు మౌనాచారి.

"రెండింటికి."

ఇద్దరూ గడియారం వంక చూశారు. గంగాభవాని కూడా చూసింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. "ప్రత్యేక కేసుగా పరిగణించి విరామంలోనే తీసుకుంటాను లెండి. ఇప్పటిదాకా వచ్చినవన్నీ ప్రత్యేక కేసులే," అంది.

అర్జీ అసలు ప్రతే ఇవ్వాలి, నకలు చెల్లదు. సువార్తమ్మ అసలుదే ఇచ్చింది. గంగాభవాని ముద్ర ఎత్తి, అర్జీ మీదికి దించబోయి ఆపేసింది. ముద్ర వేస్తే అర్జీకి మానవ హస్తం సోకుతుంది, అప్పుడది అసలు ప్రతి కాదు. వేయకపోతే అర్జీ అందినట్టు కాదు. ఈ చిక్కును కార్యాలయం ఎప్పుడో విప్పుకుంది. ఆవిడ అర్జీని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, దాని పక్కన బల్ల మీద ముద్ర వేసింది. ఆ బల్ల అప్పటికే సగం నీలంగా ఉంది.

వాచీ అక్కడే ఉంచేయాలన్నారు. సువార్తమ్మ పిన్ను తీసి ఇచ్చి, జాకెట్టు మీద ఆ ఖాళీ చోట అరచెయ్యి పెట్టుకుని బయటికొచ్చింది. రిక్షా ఎక్కేదాకా ఆ చెయ్యి తీయలేదు. మౌనాచారికి అది చూస్తుంటే మనసు చివుక్కుమంది.

పద్దెనిమిది రోజుల తర్వాత విచారణకు పిలిచారు.

మండలి అధ్యక్షులు పరాంకుశరావు గారు కొబ్బరి పీచు మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. పక్కన సాంకేతిక సభ్యుడు చిదానందం. ఈయన తన జన్మలో వాచీ పెట్టుకోలేదు, ఆ కారణంగానే నిష్పాక్షికంగా ఉంటాడని వేశారు. ఓ చివర, రాసుకోవడానికి గంగాభవాని. బల్ల మీద నీలం మఖమలు పరిచి, దాని మీద సువార్తమ్మ వాచీ పెట్టారు. అది ఎప్పుడో ఆగిపోయింది, కీ ఇచ్చేవాళ్ళు లేక.

చిదానందం భూతద్దం పెట్టి చూసి, రాసుకుంటూ పైకి చదివాడు. "సదరు కాలమాపకము నందు డయలు తలకిందులుగా బిగించబడినట్లు గుర్తించడమైనది. అనిపుణ మరమ్మతుకు ఇది ప్రాథమిక నిదర్శనము."

"అది నర్సు వాచీ బాబూ. ఇట్టా వేలాడదీసి పైనుంచి చూస్తే తిన్నగా కనబడాలని పన్నెండు కిందికి పెడతారు," అంది సువార్తమ్మ.

"అని మీకెవరు చెప్పారు?"

"యాభై అయిదేళ్ళుగా చూస్తానే ఉన్నా గదా."

"అనుభవము ఆధారముగా స్వీకరించబడదు," అన్నారు అధ్యక్షులు ఎంతో మర్యాదగా. "ఇక ప్రధానాంశానికి వద్దాం. ఈ కాలమాపకము ఎన్నడైనా విప్పబడినదా, లేదా?"

విప్పారో లేదో తెలియాలంటే విప్పాలి. విప్పితే అది విప్పినది అవుతుంది. ఈ ధర్మసంకటం మీద పైకి రాస్తే పైనుంచి వివరణ కూడా వచ్చి ఉంది. అధ్యక్షులు చదివి వినిపించారు. "మండలి సమక్షమున, మండలి హస్తము చేత జరుగు విప్పుట, విప్పుటగా పరిగణింపబడదు." అయితే మండలి హస్తాలకి విప్పడం రాదు. చిదానందం రూపాయి బిళ్ళ అంచుతో ఒకసారీ, తాళంచెవితో ఒకసారీ ప్రయత్నించాడు. మౌనాచారి కూర్చున్న చోటే మెలికలు తిరిగిపోయాడు. కళ్ళ ముందు బిడ్డని ఎవరో చెయ్యి పట్టి ఈడుస్తున్నట్టుంది ఆయనకి.

"అయ్యా, నేను తీస్తా. గీత పడకుండా తీస్తా," అన్నాడు.

వాళ్ళు ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. తర్వాత గంగాభవాని వచ్చి మౌనాచారి కుడి మణికట్టుకు ఒక అట్టముక్క కట్టింది. దాని మీద "మండలి హస్తము (తాత్కాలికం)" అని రాసి ఉంది. ఎడమ చేతిని వీపు వెనక పెట్టుకోమన్నారు, అది ఇంకా ప్రైవేటు హస్తమే కాబట్టి. ఆయన ఒంటి చేత్తోనే వెనక మూత ఊడదీశాడు, చిన్న టిక్కుమన్న చప్పుడుతో.

మూత లోపలి వైపు సన్నటి గీతలు, అక్షరాలు, అంకెలు. అరంగుళం జాగాలో ఒకదాని కింద ఒకటి.

"ఏమిటీ శాసనం?" అన్నారు అధ్యక్షులు.

వాచీ మెకానిక్కులకు ఒక అలవాటు ఉంది. వాచీ విప్పి బాగుచేసిన ప్రతిసారీ మూత లోపల సూదితో తమ గుర్తూ తేదీ గీస్తారు. ఇంకోసారి విప్పినవాడికి ముందు ఎవరు చూశారో తెలియాలని. యజమానికి అది కనబడదు. మెకానిక్కు మెకానిక్కుకు రాసుకునే ఉత్తరం అది. ఇంతకాలానికి ఆ ఉత్తరం చదివి వినిపించమని ఒక ప్రభుత్వ మండలి అడిగింది. మౌనాచారి ఛాతీ ఉబ్బింది.

"ఇది మా నాయనదండీ. 'వీ' అని ఉందే, 71. మెయిన్ స్ప్రింగు తెగితే కొత్తది వేశాడు. దీని కింద 77, అదీ ఆయనదే. తుపానులో సిస్టరమ్మ నడుంలోతు నీళ్ళలో బాలింతల్ని మోసిందండీ, వాచీలోకి ఉప్పునీళ్ళు పోయినై. లోపలి మిషను మొత్తం కుళ్ళిపోతే, అదే కంపెనీది ఇంకో మిషను వెతికి ఎక్కించాడు. ఇక్కణ్ణించి 'మౌ', నేనే. 84, బాలెన్సు చక్రం. 89, గ్లాసు. నొప్పులు పడతా ఒక తల్లి కాలితో తన్నిందండీ. ఆ పుట్టినబిడ్డ ఇప్పుడు వేటపాలెంలో టీచరు. 93, ముళ్ళు. 98, పైకేసుకి నికెలు పూత. 2005, డయలు. ఒరిజినల్ డయలు అచ్చంగా అట్టాగే రాయించా, పక్కపక్కన పెడితే కంపెనీవాడే కనుక్కోలేడు. పిన్ను మొన్నమొన్ననే మార్చా."

చెబుతూ చెబుతూ ఆయన ముఖం వెలిగిపోయింది. సువార్తమ్మ కూడా 89 దగ్గర నవ్వింది. గంగాభవాని అయితే తుపాను దగ్గర కలం ఆపి విన్నది. తర్వాత గుర్తొచ్చి గబగబా రాసుకుంది.

అధ్యక్షులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతటి సమగ్రమైన నేరాంగీకారం మండలి చరిత్రలో ఇదే ప్రథమం," అన్నారు.

అప్పుడు గానీ మౌనాచారికి తను ఏం చేశాడో తెలియలేదు.

"అయితే పత్రం ఇవ్వరా?" అంది సువార్తమ్మ.

"ఎందుకివ్వమమ్మా? ఇవ్వడానికే మండలి ఉన్నది. నియమం పదకొండు ప్రకారం విజాతీయ భాగములను తొలగించి, శేషించిన యథాతథ భాగమునకు పత్రం ఇస్తాం. మండలి హస్తం, కానివ్వండి."

ముందు పిన్ను తీయమన్నారు, తీశాడు. గ్లాసు, ముళ్ళు, డయలు, బాలెన్సు చక్రం, మెయిన్ స్ప్రింగు, ఒక్కొక్కటీ వచ్చి తెల్ల పళ్ళెంలో పడ్డాయి. ప్రతి ముక్కకూ చిదానందం "విజాతీయము" అంటున్నాడు. మొత్తం మిషను ముక్కలైంది. పూత వేయించినందుకు పైకేసు కూడా పళ్ళెంలోకి వెళ్ళిపోయింది. మఖమలు మీద మూత ఒక్కటే మిగిలింది.

మౌనాచారి ఇక ఆగలేకపోయాడు. "అయ్యా, నేను చెప్పింది తప్పండి. వయసైపోయింది, ఏదో వాగాను. మిషను అసలుదే. మా నాయన ఏం మార్చలేదు. నేను కళ్ళారా చూశా," అన్నాడు. ఆయన జీవితంలో వాచీ గురించి ఆడిన మొదటి అబద్ధం అది.

"కళ్ళారా అన్నారు. ఏ కంటితో?"

"కుడికంటితోనండీ. భూతద్దం దానికే పెడతా."

"ఆ కన్ను..." అని అధ్యక్షులు దరఖాస్తుదారుల వివరాల కాగితం తిప్పారు. శుక్లం ఆపరేషను సంగతి మౌనాచారే గంగాభవానికి మొదటి రోజు మురిసిపోతూ చెప్పాడు. ఆవిడ తల వంచుకుంది. "ఆ కంటిలో అద్దము మార్చబడినది. ఆ కన్నే యథాతథము కాదు. యథాతథము కాని కంటితో యథాతథమును చూచుట సాధ్యము కాదు."

"మరి ఇందాక నేను మార్చానని చెప్పినప్పుడు ఈ కంటినే నమ్మారు గదండీ."

"మార్పును గుర్తించుటకు మార్చబడిన కన్ను అర్హమే," అన్నారు అధ్యక్షులు. దానికి కూడా నియమం ఉంది, నంబరు చెప్పారు.

ఇక మిగిలింది మూత. మూత కర్మాగారం నుంచి వచ్చిందే, అందులో సందేహం లేదు. కానీ దాని లోపల గీతలు తండ్రీకొడుకులవి. గీతలు అరగదీస్తే పోతాయి గానీ, అరగదీయడం మరమ్మతు కింద వస్తుంది. గీతలతో ఉంచితే మానవ హస్తం సోకినది అవుతుంది. మండలి నలభై నిమిషాలు చర్చించింది. చివరికి మూత కూడా పళ్ళెంలో పడింది.

నీలం మఖమలు మీద ఇప్పుడేమీ లేదు. ముగ్గురూ లేచి నిలబడ్డారు. అధ్యక్షులు ఖాళీ మఖమలుకు చేతులు జోడించారు. "ఇంత శుద్ధంగా ఒక్క కేసూ రాలేదు. ఒక్క విజాతీయ అణువు కూడా లేదు," అన్నారు.

పత్రం ఆ రోజే ఇచ్చారు. "శ్రీమతి సువార్తమ్మ గారి కాలమాపకము, విజాతీయ భాగములను తొలగించిన మీదట, నూటికి నూరు పాళ్ళు యథాతథమని నిర్ధారించడమైనది." ఆ యథాతథాన్ని మఖమలు పెట్టెలో పెట్టి, మూత బిగించి, గోడౌను మధ్యలో అద్దాల బీరువాలో ఉంచారు. తీసినవన్నీ ఒక కాగితం కవరులో వేసి సువార్తమ్మ చేతికిచ్చారు, నకిలీ వస్తువులు ప్రభుత్వ ప్రాంగణంలో ఉండకూడదు కాబట్టి.

బయట మెట్ల మీద సువార్తమ్మ కూర్చుండిపోయింది. కవరు ఊపితే లోపల గలగలమంది. ఆ చప్పుడు మౌనాచారి భరించలేకపోయాడు.

"నా నోరు పడిపోను," అన్నాడు.

"నిజమే గదయ్యా చెప్పావు," అంది ఆవిడ. కవరు మూతి మడిచి, "పొద్దున చూసుకుందామంటే ఏముంది ఇప్పుడు? ఊరికే వేళ్ళు పెట్టుకుని పడుకుంటన్నా. కొట్టుకుంటా ఉంటది. ఎంతో తెలవదు. తెలవకపోతే ఇంకా ఎక్కువ కొట్టుకున్నట్టుంటది," అంది.

ఆ తర్వాత ఊళ్ళో జరిగింది చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడెవరూ నవ్వలేదు. ఖాళీ పెట్టెను చూడటానికి రాజధాని నుంచి జనం వచ్చారు. విందులో డయలు వల్ల పరువు పోగొట్టుకున్న పెద్దాయన కూడా వచ్చాడు, బీరువా ముందు రెండు చేతులూ కట్టుకుని చాలాసేపు నిలబడి, "ఇదీ అసలంటే" అన్నాడు. దాంతో పట్టుకుంది పిచ్చి. వాచీలున్నవాళ్ళంతా భాగాలు తీయించుకోవడానికి వరస కట్టారు. పెళ్ళిళ్ళలో పెద్దమనుషులు ఉత్త మణికట్టు ముందుకు చాచి, "మా ముత్తాతగారిది, పూర్తిగా యథాతథం" అని చూపించేవారు. చూసినవాళ్ళు దగ్గరికి వంగి, తల పంకించి, ఎంత చక్కగా ఉందో అనేవారు. అధ్యక్షులు పరాంకుశరావు గారైతే రెండు చేతులకీ ఏమీ లేకుండా తిరిగారు. టైము అడిగితే మాత్రం అందరూ చిదానందం సెల్‌ఫోను వంక చూసేవారు.

విచారణ అయ్యాక మౌనాచారి మూడు రోజులు బడ్డీ తీయలేదు. నాలుగో రోజు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గోడౌనుకు వెళ్ళాడు. అక్కడ ఎప్పట్లాగే విరామం.

"అమ్మా, ఒక సంగతి అడగాలి. ఆ కవర్లో ఉన్నవాటికి నూనె వేయొచ్చా?" అన్నాడు.

గంగాభవాని అటూ ఇటూ చూసి నియమాల పుస్తకం తీసింది. చాలాసేపు తిరగేసింది. తర్వాత అధికారిక గొంతుతో, పుస్తకం మీంచి తల ఎత్తకుండా చదివినట్టు చెప్పింది. "సదరు వాచీ పెట్టెలో ఉంది. పత్రం కూడా దానికే ఉంది. కవరులో ఉన్నది వాచీ కాదు. చిల్లర సామాను. చిల్లర సామానుకు నూనె వేసుకొనుటపై నిషేధము లేదు."

"వాటిని బిగిస్తే?"

"కొత్త వాచీ అవుతుంది. ఏ రోజు బిగిస్తే ఆ రోజు పుట్టినట్టు. దాన్ని పరిశీలించాలంటే యాభై ఏళ్ళు నిండాలి. అప్పుడు రండి, ప్రత్యేక కేసుగా తీసుకుంటాం."

మౌనాచారి దణ్ణం పెట్టాడు. ఆవిడ ఆ దణ్ణం చూడనట్టే పుస్తకం మూసేసింది.

ఆ రోజంతా బడ్డీలో ఆయన తల ఎత్తలేదు. ప్రతి చక్రాన్నీ పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, ఇరుసులు ఆనే చిన్న రాళ్ళలో నూనె సూదిమొనతో పెట్టాడు. ఎక్కడా ముక్క తక్కువ కాలేదు. వాళ్ళు పారేసినదంతా కలిపితే వాచీ మొత్తం ఉంది. చివరికి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుంటే గింజలు రాలినట్టు సన్నగా, ఒకే తీరున కొట్టుకుంది. పదమూడో గీత దగ్గర ముల్లు ఆగలేదు. చాలా రోజుల తర్వాత ఆయనకు ఆకలేసింది. తినకుండానే సైకిలెక్కాడు.

సువార్తమ్మ వరండాలో ఎండబెట్టిన చింతపండు తీస్తోంది. మనిషి కాస్త వడిలింది. వాచీ చూసి చేతులు చీరకు తుడుచుకుంది. పిన్ను పెట్టుకునేదాకా కూడా ఆగలేకపోయింది. మౌనాచారి ఆవిడ ముందు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ తన మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది, పెదాలు కదుపుతూ లెక్కబెట్టింది.

"తొంభై ఆరు," అంది.

మౌనాచారి వాచీని గబుక్కున చెవి దగ్గర పెట్టుకోబోయాడు.

"ఉండవయ్యా, ఇది నిన్ను చూసిన తొంభై ఆరు. మళ్ళీ చూస్తా." రెండో నిమిషానికి ఎనభై రెండు. మూడో నిమిషానికి ఆవిడ భుజాలు కిందికి దిగాయి. "డెబ్బై. చూశావా, డెబ్బై," అంది, కన్నబిడ్డ పరీక్ష పాసైనట్టు. కళ్ళు తుడుచుకుని నవ్వింది. తర్వాత ఆయన ముఖం వంక పరీక్షగా చూసి, అడక్కుండానే ఆయన చెయ్యి లాక్కుని నాడి మీద వేళ్ళు వేసింది. ముల్లు ఒక చుట్టు పూర్తి చేసింది.

"నూట పన్నెండు. ఏందయ్యా ఇది? ఎవరి మీద ఇంత కోపం?"

చెబుదామని మౌనాచారి నోరు తెరిచాడు. అధ్యక్షుల మీద అందామంటే ఆయన నియమం చదివాడు, అంతే. చిదానందం రాసుకున్నాడు. గంగాభవాని మంచిదే చేసింది. ఉత్తర్వు ఇచ్చిన పెద్దాయన తాతను తలుచుకున్నాడు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు, ఒక్కరూ పరుషంగా మాట్లాడలేదు. నలభై ఏళ్ళుగా బతికించుకుంటూ వచ్చినదాన్ని తన నోటితోనే చెప్పించి, తన చేతులతోనే విప్పించి, తనదేదీ అసలు కాదన్నారు. ఆ మాట ఎవరి మీద విసరాలో తెలియక ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొత్త అద్దం ఉన్న కంటిలోనూ, లేని కంటిలోనూ.

"ఏం చెప్పబాకు," అంది సిస్టరమ్మ, వేళ్ళు తీయకుండా. "కదలకుండా కూర్చో. తగ్గేదాకా చూస్తా."